పాత సాఫ్ట్‌వేరు, క్రొత్త ఫైలు – పాఠరక్షణము

తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయము చేయువారికి లేఖకదోషములు క్రొత్తవి కావు. శకటరేఫమును గుఱుతింపని లేఖకుఁడు దానిని సాధురేఫముగా వ్రాసెను. అర్ధానుస్వారము ననవసరమని తలఁచినవాఁడు విడిచివేసెను. నేఁడు గ్రంథపరిష్కర్తలలోఁ బెక్కండ్రు తమ ప్రతులను కంప్యూటరున సిద్ధపఱచి యొండొరులకుఁ బంపుకొనుచున్నారు. ఇందును లేఖకుఁ డొకఁడు కలఁడు, వాఁడు సాఫ్ట్‌వేరు. తనకుఁ దెలియనిదానిని వాఁడును విడిచివేయును, అదియును జెప్పకయే. క్రొత్త కూర్పున (దీనినే వాడుకలో వెర్షను అందురు) సిద్ధమైన ఫైలు పాత కూర్పు గల కంప్యూటరునకుఁ బోయి మరలివచ్చునపుడు పాఠమునకుఁ గలుగు హాని యెట్టిది, దానిని వారించుట యెట్లు అనునది యిచ్చట విచార్యము.

క్రొత్త సాఫ్ట్‌వేరు పాత ఫైలును జదువుట యొకటి, పాత సాఫ్ట్‌వేరు క్రొత్త ఫైలును జదువుట వేఱొకటి. మొదటిది సాధారణముగా సుకరము. క్రొత్తదానిని నిర్మించినవారికిఁ బాతదాని కట్టడి తెలిసియే యుండును. రెండవది దుష్కరము. నన్నయను జదివిన తిక్కన కలఁడు గాని తిక్కనను జదివిన నన్నయ లేఁడు. పాతది క్రొత్తదానిని జదువవలెనన్నచో, దానిని నిర్మించిననాఁడే ‘తెలియని భాగము కనఁబడినచో దానిని ముట్టక దాఁటిపోవలెను’ అను నియమము నందుఁ బెట్టియుండవలెను. అట్టి ముందుచూపు గల సాఫ్ట్‌వేరులు కొన్ని గలవు. ఐనను దాఁటిపోవుట వేఱు, భద్రపఱచుట వేఱు. చదువునపుడు దాఁటిపోయి, మరల దాఁచునపుడు ఆ భాగమును బాఱవేయునవియే యెక్కువ.

మైక్రోసాఫ్టు వర్డు నుదాహరణముగాఁ గొందము. అందు 1997 మొదలు 2003 వఱకు వెలువడిన కూర్పులు ‘డాక్’ అను నొక్క కట్టడినే యనుసరించినవి. 2007 కూర్పుతో ‘డాక్‌ఎక్స్’ వచ్చినది. ఈ రెంటికిఁ బేరునఁ గల పోలిక లోపల లేదు. డాక్‌ఎక్స్ ఫైలు నిజమునకు జిప్ అను నొక మూట. దానిని విప్పినచో లోపల ఎక్స్ఎమ్ఎల్ అను పద్ధతిని వ్రాయఁబడిన చిన్న ఫైళ్లు పెక్కులు గానవచ్చును. ఆ మూట మొదట నుండు రెండక్షరములు పీ, కే అనునవి జిప్ పద్ధతిని గల్పించిన ఫిల్ కట్జ్ పేరిలోని పొడియక్షరములు. గ్రంథకర్త ముద్ర యిన్ని కోట్ల ఫైళ్ల మొదట నిలిచియుండుట మన పండితులకు వినోదకరముగా నుండవచ్చును. పాత కూర్పులు డాక్‌ఎక్స్‌ను జదువుటకై మైక్రోసాఫ్టువారు ప్రత్యేకముగా నొక యనుబంధము నిచ్చిరి గాని, 2018లో దానిని విరమించిరి. కాఁబట్టి పంపువాఁడే తన క్రొత్త కూర్పునందలి ‘సేవ్ యాజ్’ ద్వారమున 97–2003 కట్టడిలో వేఱొక ప్రతిని సిద్ధపఱచి పంపుట మేలు. కొందఱు ఫైలు పేరు చివరనున్న డాక్‌ఎక్స్ అను దానిని డాక్ అని దిద్ది పంపుచున్నారు. ఇది తాటాకు కట్టకుఁ బైపలకమీఁది పేరు మార్చుట వంటిది. లోపలి గ్రంథము మాఱదు.

పుస్తకముల కూర్పునందు వాడఁబడు పేజిమేకరు కథ యింతకంటెఁ జిక్కైనది. 1985లో ఆల్డస్ సంస్థవారు దీనిని వెలువరించిరి. 1994లో ఇది అడోబి వారి చేతికి వచ్చినది. 2001లో వెలువడిన 7.0 దీని కడపటి కూర్పు. తరువాతిదైన ఇన్‌డిజైన్ తన సీఎస్6 కూర్పు వఱకు పేజిమేకరు 6.0 మొదలుగాఁ గల ఫైళ్లను దెఱవఁగలిగెను. ఇన్‌డిజైన్‌లో సైతము క్రొత్త కూర్పు ఫైలును బాత కూర్పు తెఱవదు. అందులకై 2008లో వచ్చిన సీఎస్4 మొదలు ‘ఐడీఎమ్ఎల్’ అను మధ్యస్థపు కట్టడి యొకటి యేర్పడినది. క్రొత్త కూర్పువాఁడు దానిలో నెగుమతి చేసినచో సీఎస్4నకుఁ దరువాతి పాత కూర్పువాఁడు తెఱచుకొనవచ్చును. ఇందుఁ బాఠము నిలుచును గాని పంక్తివిభాగము మాఱవచ్చును. ఒక్క పంక్తి జాఱినచోఁ బుటలు మాఱును. పుటలు మాఱినచోఁ బదసూచిక యంతయు వ్యర్థము. ఏండ్లకొలఁది శ్రమించి కూర్చిన సూచికను ఇట్లు పోఁగొట్టుకొనుటకంటెఁ బుటలు స్థిరపడిన పిదపఁ గూర్పు మార్చకుండుట నయము.

మనకు ముఖ్యమైనది యక్షరముల విషయము. యూనికోడు నందుఁ దెలుఁగు లిపి 1991లోని మొదటి కూర్పుననే చేరినది. అరసున్నయు శకటరేఫమును ఆనాఁడే స్థానము పొందెను. పాత నిఘంటువులలో గుఱుతుతో నచ్చయిన దంత్య చజలు (ౘ, ౙ), అవగ్రహము (ఽ) మాత్రము 2008లోఁ జేరినవి. శాసనములందలి ఴ కారము 2014లోను, ౚ కారము 2015లోను, నకారపు పొల్లు (ౝ) 2021లోను వచ్చినవి. విండోస్ ఎక్స్‌పీ 2001లో వెలువడినది. దానితో వచ్చిన గౌతమి ఫాంటులో ఇవి యుండుట కవకాశమే లేదు. అట్టి యంత్రమున దంత్యచకారమున్న చోట నొక చదరపు గడి కనఁబడును.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. పాణిని యదర్శనమునే లోపమనెను. కంప్యూటరున నా రెండును వేఱు. గడి కనఁబడినంత మాత్రమున అక్షరము పోలేదు. దాని సంకేతసంఖ్య ఫైలులో భద్రముగానే యుండును. ఒకసారి యిచ్చిన సంఖ్యను మార్చుటగాని తొలఁగించుటగాని చేయమని యూనికోడు వారి నియమము. ఆ ఫైలు క్రొత్త యంత్రమునకు మరలివచ్చినపుడు ౘ మరలఁ గనఁబడును. హాని చేయునది యంత్రము గాదు, గడిని జూచి ‘ముద్రాదోషము’ అని చెఱిపి చకారము వ్రాయు దిద్దుకర్త. ఆ దిద్దుబాటు మరలివచ్చిన పిదప నేది కవిపాఠమో యేది దిద్దుపాఠమో తెలిసికొనుట దుర్ఘటము. మంచి బుద్ధితోఁ జేసిన దిద్దుబాట్లే తాళపత్రములను సైతము మిక్కిలి చెఱిచినవని పరిష్కర్త లెఱుఁగుదురు గదా!

నిజమైన లోపము వేఱొకచోటఁ గలుగును. యూనికోడునకుఁ బూర్వపు పద్ధతి ఫాంటులు రోమను అక్షరముల స్థానములలోఁ దెలుఁగు రూపములను నిలిపినవి. ఆ స్థానములు కొలఁది. అందు దంత్యచజలకుఁ జోటు లేనిచో, పాత యంత్రమునకై పాఠమును ఆ ఫాంటులోనికి మార్చునపుడు అవి మఱి తిరిగిరాకుండఁ బోవును. అట్టి ఫైలును ఆ ఫాంటు లేని యంత్రమునఁ దెఱచినచో రోమను అక్షరముల గజిబిజి తప్ప తెలుఁగు గానరాదు.

కావునఁ బాఠము నిరుగడలఁ ద్రిప్పవలసివచ్చినవారు మూలప్రతిని క్రొత్త కూర్పుననే యుంచి, దానిని నెవ్వరికిని దిద్దుటకియ్యక, పంపునది నకలు మాత్రముగాఁ జేయవలెను. ఫాంటుల నిమిడ్చిన పీడీఎఫ్ ప్రతిని జతచేసినచోఁ బాత యంత్రము గలవాఁడు గడియున్న చోట నేమి యుండవలెనో చూచుకొనును. అతఁడు దిద్దుబాట్లను ఫైలులోఁ జేయక పుటయు పంక్తియుఁ జూపుచు వేఱుగా వ్రాసి పంపుట యుత్తమము. ఫైలే మరలి రావలసినచో, పంపుటకు ముందు ఱ, ఁ, ౘ, ౙ లెన్నెన్ని గలవో వెదకుఁబలకచే లెక్కించి వ్రాసికొని, వచ్చిన పిదప మరల లెక్కింపవలెను. ఒక్కటి తగ్గినను ఆ ప్రతిని మూలముతోఁ బంక్తి పంక్తిగా సరిచూడక యంగీకరింపరాదు.