వరద నీళ్లలో ఆగిన కారుకు సెల్ఫ్ ఎందుకు కొట్టకూడదు?

హైదరాబాద్ బహదూర్‌పురాలో వాన దంచికొడితే నీళ్లు రెండు రకాలుగా చుట్టుముడతాయి. మీర్ ఆలం చెరువు నిండితే ఆ అలుగు నీళ్లు జూపార్కు మీదుగా మూసీ వైపు దిగుతాయి. మూసీయే నిండుగా పారుతుంటే నాలాల నీళ్లు పోయే దారి లేక రోడ్ల మీదికి ఎగదన్నుతాయి. 2020 అక్టోబరు వానలకు జూపార్కు సఫారీలోకి నీళ్లొచ్చాయి. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. ఇలాంటి వానల తర్వాత మెకానిక్ షెడ్లలో ఎక్కువగా వినబడే మాట ఒకటే: “నీళ్లు దాటుతుంటే ఆగిపోయింది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాలేదు.” ఇంజిన్‌కు అసలు దెబ్బ చాలాసార్లు ఆ సెల్ఫ్ కొట్టడంలోనే తగులుతుంది.

ఇంజిన్‌లోకి నీళ్లు ఎలా వెళ్తాయి?

గాలి వెళ్లే దారిలోనే. 1200 సీసీ ఇంజిన్ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు వెయ్యి లీటర్ల గాలి పీల్చుకుంటుంది. ఆ గాలి పీల్చే గొట్టం మూతి చాలా కార్లలో ముందు గ్రిల్ వెనక, హెడ్‌లైట్ పక్కన ఉంటుంది. రోడ్డు మీద నీళ్లు అంత ఎత్తు లేకపోయినా, వేగంగా వెళ్తే బంపరు ముందు అల లేస్తుంది. ఎదురుగా బస్సు వస్తే ఇంకో అల వచ్చి కొడుతుంది. అలా మూతి మునిగిన క్షణంలో గాలికి బదులు నీళ్లు లోపలికి పోతాయి.

కొద్ది నీళ్లకే అంత నష్టమా?

లెక్క చూడండి. 1200 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ 10:1 అయితే పిస్టన్ పైకి వెళ్లినప్పుడు మిగిలే చోటు సుమారు 33 మిల్లీలీటర్లే. గాలి అయితే అందులో నలిగి ఇముడుతుంది, నీళ్లు నలగవు. అంతకు మించి నీళ్లుంటే పిస్టన్ పూర్తిగా పైకి వెళ్లలేదు, క్రాంక్ మాత్రం తోస్తూనే ఉంటుంది. మధ్యలో చిక్కిన కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి మిగిలే చోటు ఇంకా తక్కువ, ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఒక్కోసారి వైర్లు తడిసి మాత్రమే ఇంజిన్ ఆగుతుంది, సిలిండర్‌లో చుక్క నీరు ఉండదు. సీట్లో కూర్చుని ఆ తేడా చెప్పలేం. అందుకే సెల్ఫ్ జోలికే పోవద్దు. తోసి గేరులో స్టార్ట్ చేయడమూ అంతే ముప్పు.

ఆగిపోతే ఏం చేయాలి?

ముందు ఇగ్నిషన్ ఆపేయండి. నీళ్లు పెరుగుతుంటే కారు వదిలి ఎత్తైన చోటికి వెళ్లండి. నీళ్లు తగ్గాక ఎక్కడిదాకా మునిగిందో ఫోటో తీసుకోండి, బ్యాటరీ నెగటివ్ తీయించండి, కారును టోయింగ్ బండి మీద షెడ్డుకు చేర్చండి.

షెడ్డులో మొదట ఎయిర్ ఫిల్టర్ తీసి చూపించమనండి. అది తడిసి ఉంటే పెట్రోల్ ఇంజిన్‌కు ప్లగ్గులు, డీజిల్‌కు ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో విప్పి, క్రాంక్‌ను స్పానర్‌తో చేత్తో తిప్పాలి. నీళ్లు ఆ రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. ఆయిల్, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

స్టార్ట్ అయితే గండం గడిచినట్టేనా?

కాదు. రాడ్ కొద్దిగా వంగినా ఇంజిన్ కొన్నాళ్లు నడవవచ్చు. తర్వాత టకటకమనే చప్పుడు మొదలై, రాడ్ విరిగి బ్లాక్‌నే పగలగొట్టవచ్చు. అందుకే కంప్రెషన్ టెస్ట్ చేయించకుండా బండి ఇంటికి తెచ్చుకోవద్దు. గేరు ఆయిల్, బ్రేకులు, వీల్ బేరింగులు కూడా చూపించండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీతో రాదు. కాంప్రహెన్సివ్ పాలసీ వరద నష్టానికి వర్తిస్తుంది. అయితే నీళ్లు చేరాక సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజిన్ పాడైతే క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. అందుకే ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉంటుంది. మీర్ ఆలంకూ మూసీకీ మధ్య బండి నడిపేవాళ్లు వానాకాలానికి ముందే పాలసీ కాగితం తీసి, ఆ కవర్ ఉందో లేదో, ఏ షరతులున్నాయో చూసుకోండి. టైరు సగం దాటి నీళ్లు కనిపిస్తే మాత్రం, ఏ పాలసీ ఉన్నా సరే, బండి వెనక్కి తిప్పండి.