కొండపచ్చికలో ఆర్నికా

కొన్ని మొక్కల పేర్లు లోకమున ప్రసిద్ధములు. వాని రూపము మాత్రము పలువురు ఎరుగరు. ఆర్నికా అట్టిది. ఆటలో పిల్లవానికి దెబ్బ తగిలినప్పుడు, హోమియో మందులు వాడు తెలుగు ఇండ్లలో మొదట జ్ఞప్తికి వచ్చు పేరు ఇదియే. కాని ఆ చిన్ని సీసా వెనుక ఒక పసుపు పూవు కలదనియు, దాని పుట్టినిల్లు ఐరోపా కొండలనియు తలచువారు అరుదు.

ఆల్ప్స్, కార్పేతియన్ మున్నగు పర్వతముల పచ్చికబయళ్లలో ఇది సహజముగ పెరుగును. 1753లో లిన్నేయస్ దీనిని ‘ఆర్నికా మాంటానా’ యని పేర్కొనెను. మాంటానా యనగా కొండలకు చెందినది. ఇది పొద్దుతిరుగుడు కుటుంబములోనిది. ఆకులు నేలనంటి గుండ్రముగ పరచుకొనును. వాని నడుమనుండి 20 మొదలు 60 సెంటీమీటర్ల వరకు నూగుకాడ లేచి, వేసవిలో నారింజచాయ గల పసుపు పూలు పూయును.

దీని స్వభావము విచిత్రము. సారవంతమైన నేల దీనికి గిట్టదు. ఆమ్లగుణము గల నిస్సారపు నేలయే ఇష్టము. ఎరువు వేసినచో గడ్డి ఏపుగ పెరిగి, నేలనంటిన ఆకులకు ఎండ సోకనీయదు. పోనీ, రైతు ఆ బయలును విడిచిపోయినను మేలు లేదు. పొదలును చెట్లును క్రమ్ముకొని దీనిని అణచివేయును. ఎరువు వేయక, పశువులను మితముగ మేపుచు, పూత ముగిసిన పిమ్మట గడ్డి కోయు రైతుల శ్రమయే దీనిని తరతరములుగ కాపాడినది. అడవిమొక్క యని పేరే గాని, పెక్కు తావుల దీని మనుగడ కొడవలిపై ఆధారపడియున్నది.

బెణుకులకు, కమిలిన గాయములకు దీని పూల తైలమును పైపూతగ వాడుట అచ్చటి వాడుక. పూలలోని హెలెనాలిన్ అను పదార్థము వాపును తగ్గించునదే యైనను, కడుపులోనికి పోయినచో విషము. హోమియో మాత్రలలో మొక్కసారము అత్యల్పము. వాని గుణమునకు శాస్త్రపరీక్షలలో గట్టి సాక్ష్యము లభింపలేదు.

మందులకై కోత పెరిగెను. ఎరువులతో బయళ్లు తరిగెను. 1992లో ఐరోపా దేశముల సమష్టి శాసనము, అడవినుండి సేకరణను అదుపులో ఉంచదగిన మొక్కల పట్టికలో దీనిని చేర్చినది. 2007లో ఫ్రాన్సుదేశపు వోజ్ కొండలలో రైతులు, గ్రామపాలకులు, మందుల తయారీదారులు కలిసి ఈ పూల బయళ్ల రక్షణకై ఒడంబడిక చేసికొనిరి.

ఆ ఒడంబడికలో రైతునకు చోటుండుటయే గమనింపదగినది. పూలు కోయరాదని ఆజ్ఞాపించినంత మాత్రమున ఆర్నికా బ్రతుకదు. ఆ కొండపై గడ్డి కోయువాని బ్రతుకును నిలువవలయును.