సిగ్నల్ దగ్గర వణికే కారు

చలికాలం వచ్చిందంటే మన తెలుగు బడి పార్కింగ్ లాట్‌లో ఇంకో బడి మొదలవుతుంది. లోపల పిల్లలు గుణింతాలు దిద్దుతుంటారు. బయట మేం నలుగురం తండ్రులం ఎవరిదో ఒక కారు బానెట్ ఎత్తి తలలు దూరుస్తాం. మాలో ఎవరమూ మెకానిక్‌లం కాము, అందరం కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళమే. ఎప్పుడో మన దేశంలో ఇంజనీరింగ్ చదివిన పాపానికి, "మీకు తెలుస్తుంది కదండీ" అని ఎవరైనా అంటే కాదనలేం.

మొన్నటి శీతాకాలం ఒక పేరెంట్ తెచ్చిన కారు సంగతి చెబుతాం. పదేళ్ళు దాటిన నాలుగు సిలిండర్ల కారు. హైవే మీద బాగానే పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం స్టీరింగ్‌తో మొదలై వెనక పాప కూర్చునే సీటు దాకా గడగడ వణుకుతుంది. ఒకసారి ఎడమవైపు తిరగబోతూ నడిరోడ్డులో ఆగిపోయిందట. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కారే. ఒక షాపులో స్పార్క్ ప్లగ్గులు మార్చారు, తగ్గలేదు. తరువాత కాయిల్స్, క్యాటలిటిక్ కన్వర్టర్ అన్నీ మార్చాలంటూ పద్దెనిమిది వందల డాలర్ల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఆయన కారు అమ్మేద్దామనే ఆలోచనలో ఉన్నారు.

ఆగినప్పుడే ఎందుకు వణుకుతుంది? ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకొకసారి పేలుతుంది. ఐడిల్‌లో ఇంజిన్ నిమిషానికి 700 చుట్లు తిరుగుతోందనుకుంటే, నాలుగు సిలిండర్లూ కలిపి 1400 పేలుళ్ళు, అంటే సెకనుకు 23. ఒక సిలిండర్ మొరాయిస్తే సెకనుకు ఆరు దెబ్బలు తప్పుతాయి. ఆ తప్పిన దెబ్బలే మన నడుముకు తెలుస్తాయి. వేగంగా తిరిగే ఇంజిన్‌లో ఆ ఊపే లోటును కప్పేస్తుంది.

కాలేజీలో ఐ.సి. ఇంజిన్స్ ల్యాబ్‌లో మోర్స్ టెస్ట్ చేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో సిలిండర్‌ను ఆపి, పవర్ ఎంత పడిపోయిందో చూసేవాళ్ళం. రికార్డు రాయడానికి తప్ప అది దేనికి పనికొస్తుందో అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు పనికొచ్చింది. ఇంజిన్ ఆపి, ఒక కాయిల్ కనెక్టర్ ఊడదీసి, కొద్ది సెకన్లు స్టార్ట్ చేసి చూశాం. (నడుస్తుండగా ముట్టుకోకండి, అక్కడ వేల వోల్టులుంటాయి. ఎక్కువసేపు నడపనూ వద్దు, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతుంది.) ఏది తీసినా ఇంజిన్ ఇంకా కుంటింది. అంటే నాలుగూ పనిచేస్తున్నాయి. తేడా ఏ ఒక్క సిలిండర్‌లోనో లేదు, నాలుగింటికీ ఉమ్మడిగా అందేదాంట్లో ఉంది.

ఇక్కడ మేం తొందరపడ్డాం. థ్రాటిల్ బాడీలో మసి పట్టి ఉంటుందనుకుని దాన్ని విప్పి తుడిచాం. చేతులు నల్లబడ్డాయి, వణుకు అలాగే ఉంది. ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాం, స్కానర్ పెట్టాం. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన పెట్రోలు కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ-2 ప్లగ్ ఉంటుంది. ఇరవై, ముప్పై డాలర్ల రీడర్ చాలు. రెండు కోడ్‌లు కనబడ్డాయి: పి0300, అంటే సిలిండర్లు అక్కడా ఇక్కడా మిస్ అవుతున్నాయి, పి0171, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదు.

ఒక వంతు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి కావాలి. లోపలికి వచ్చే గాలిని సెన్సర్ కొలుస్తుంది, కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోలు పోస్తుంది. సెన్సర్ దాటాక ఎక్కడో చిల్లిపడి గాలి దొంగచాటుగా దూరితే లెక్క తప్పుతుంది. ఆ తప్పును కంప్యూటర్ ఎంత సర్దుతోందో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చెబుతుంది. మా కారులో ఐడిల్‌లో అది ప్లస్ 24 శాతం, 2500 ఆర్‌పీఎంలో ప్లస్ 4. ఇద్దరికి పెట్టిన చారులో గ్లాసు నీళ్ళు ఎక్కువైతే నోట పెట్టలేం, పెళ్ళివారి గుండిగలో అదే గ్లాసు పోస్తే ఎవరికీ తెలియదు. చిల్లి ఒకటే, ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ గనుక అక్కడ బయటపడింది.

ఇక చిల్లిని వెతకాలి. రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను గొట్టాల వెంట జరుపుతూ విన్నాం. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వెనక, పీసీవీ గొట్టం వంపు దగ్గర బుస్సుమంది. వేలితో నొక్కితే వణుకు ఆగింది! నూనె ఆవిరికి ఏళ్ళ తరబడి నానిన రబ్బరు మన ఇల్లినాయి చలికి బిగుసుకుని పగిలింది. (2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీట్ పడింది. రబ్బరును ఏమనగలం?) కొత్త గొట్టం పద్నాలుగు డాలర్లు. కార్బ్ క్లీనర్ స్ప్రే చేసి చిల్లిని వెతికేవాళ్ళున్నారు గానీ, వేడి ఇంజిన్ మీద అది భగ్గుమనే సరుకు.

షాపువాళ్ళు మోసం చేశారని మేమనం. ఊహించి పార్టులు మార్చారు, మేం ఊహించి థ్రాటిల్ బాడీ తుడవలేదూ? మీరు షాపుకు వెళ్తే మాత్రం, పార్టుల మాట తరువాత, ముందు గంటసేపు వెతకడానికి డబ్బు ఇస్తామని చెప్పండి. ఫ్యూయల్ ట్రిమ్ ఎంతుందని అడగండి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉంటే వారాంతం దాకా ఆగవచ్చు. మిణుకుమిణుకుమంటే వెంటనే పక్కకు ఆపండి, కాలని పెట్రోలు కన్వర్టర్‌ను కాల్చేస్తోందని దానర్థం. చలిగా ఉందని తలుపు మూసిన గరాజ్‌లో ఇంజిన్ నడిపి పరీక్షించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

బ్యాటరీ వైరు తీసి లైటు ఆర్పి ఎమిషన్ పరీక్షకు పోదామనుకుంటే కుదరదు. కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్ళీ ముగించేదాకా స్టేషన్‌లో "నాట్ రెడీ" అని తిప్పి పంపేస్తారు. గొట్టం మార్చాక ఆయన పది రోజులు మామూలుగా నడిపి, అప్పుడు వెళ్ళి పాసయ్యారు. కారు ఇంకా ఆయన దగ్గరే ఉంది.