చెప్పనప్పుడు ఏం చేయాలి? ఒక ప్యాచ్ స్క్రిప్టు జీవితకథ

1990లలో లినక్స్ కెర్నెల్ కొత్త వెర్షన్ వచ్చిందంటే మొత్తం సోర్స్ కోడ్‌ను మళ్లీ దింపుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. 1994 మార్చిలో విడుదలైన 1.0 వెర్షన్‌లోనే 1,76,250 లైన్లున్నాయి. చాలామందికి ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగ, దానికో మోడెమ్. అందుకే పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ మధ్య మారిన లైన్లను మాత్రం విడిగా ఒక ఫైల్‌లో ఇచ్చేవారు. అదే ప్యాచ్. తర్వాతి ఏళ్లలోనూ అంతే: 2.4.5 వెర్షన్ ఉన్నవాళ్లు 2.4.9కి రావాలంటే మధ్యలోని నాలుగు ప్యాచ్‌లనూ వరస తప్పకుండా వేసుకోవాలి. ఒకటి వదిలేస్తే తర్వాతిది అతకదు.

ఈ పని కోసం పుట్టిన చిన్న షెల్ స్క్రిప్టు పేరు ‘ప్యాచ్-కెర్నెల్’. దాని మొదట్లో ఉన్న వ్యాఖ్యలో 1995 జనవరి 2 అని తేదీ ఉంది. కెర్నెల్ కోడ్‌తో పాటే ‘స్క్రిప్ట్స్’ డైరెక్టరీలో ఊరూరా తిరిగింది.

దీనికి ఇద్దరు పెద్దలున్నారు. రెండు ఫైళ్ల మధ్య తేడా చూపే ‘డిఫ్’ 1970లలో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ చేతుల్లో తయారైంది. ఆ తేడాను అవతలివాళ్ల ఫైల్‌లో సరైన చోట అతికించే ‘ప్యాచ్’ ప్రోగ్రామ్‌ను 1985లో లారీ వాల్ రాశారు. పర్ల్ భాషను సృష్టించింది కూడా ఆయనే. ఆయన ప్రోగ్రామ్ గొప్పతనం లైన్ నంబర్లను గుడ్డిగా నమ్మకపోవడంలో ఉంది. మార్చాల్సిన లైన్‌కు ముందూ వెనకా ఏ లైన్లున్నాయో చూసుకుంటుంది. నంబరు జరిగిపోయినా ఆ చుట్టుపక్కల లైన్లను వెతికి పట్టుకుంటుంది. మనం వేరేగా చెప్పకపోతే అంచుల్లో రెండు లైన్ల వరకు సరిపోకపోయినా సర్దుకుంటుంది. అతకనివాటిని ‘రెజ్’ అనే ఫైల్‌లో విడిగా పెట్టి మనకు చూపిస్తుంది.

రెండు లైన్ల వరకు సర్దుకోవాలని ఎవరు చెప్పారు? మనం చెప్పలేదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లే మన తరఫున ముందుగా నిర్ణయించారు. డిఫాల్ట్ అంటే అదే. మెస్‌లో కూర్చుని ‘భోజనం’ అంటే చాలు, పప్పూ కూరా సాంబారూ వచ్చేస్తాయి. పెరుగు వద్దనుకుంటే మాత్రం మనం నోరు విప్పాలి.

ప్యాచ్-కెర్నెల్ అడిగే సంగతులు ముఖ్యంగా మూడు: కెర్నెల్ కోడ్ ఎక్కడుంది, ప్యాచ్‌లు ఎక్కడున్నాయి, ఏ వెర్షన్ దగ్గర ఆగాలి. ఏమీ చెప్పకపోతే కోడ్ ‘/యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ/లినక్స్’లో ఉందనుకుంటుంది, ప్యాచ్‌లు ఇప్పుడు మనమున్న డైరెక్టరీలోనే ఉన్నాయనుకుంటుంది. ప్రస్తుత వెర్షన్ ఎంతో మనల్ని అడగదు, కోడ్‌తో పాటే ఉండే మేక్‌ఫైల్ తెరిచి తనే చదువుకుంటుంది. తర్వాతి నంబరు ప్యాచ్ కనిపిస్తే వేస్తుంది, ఆపై నంబరు వెతుకుతుంది, దొరకనప్పుడు ఆగుతుంది. మూడో జవాబు ఇవ్వకపోతే ఆ చోట ‘డిఫాల్ట్’ అనే మాటనే విలువగా రాసుకుంటుంది. దానివల్ల ‘ఫలానా చోట ఆగు’ అని మనం చెప్పామా, అసలేమీ చెప్పలేదా అన్నది స్క్రిప్టులో చివరిదాకా తెలుస్తూనే ఉంటుంది. ఇది నాకెంతో నచ్చిన ఏర్పాటు.

లోటు కూడా ఉంది. ఈ జవాబులను స్క్రిప్టు వాటి స్థానాన్ని బట్టి గుర్తిస్తుంది. మూడోది ఇవ్వాలంటే మొదటి రెండూ అవసరం లేకపోయినా టైప్ చేయాల్సిందే. ప్రతి ఆప్షన్‌కూ ఒక పేరుంటే ఈ ఇబ్బంది రాదు.

డిఫాల్ట్‌ను ఒకే గీతతో రాసే వీలు స్టీఫెన్ బోర్న్ షెల్‌లో, అంటే 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉంది. మీసాల బ్రాకెట్‌లో వేరియబుల్ పేరు, పక్కన చిన్న అడ్డగీత, ఆ తర్వాత డిఫాల్ట్ విలువ. గీతకు ముందు కోలన్ పెట్టే పద్ధతి తర్వాత వచ్చింది. ఈ రెండు చుక్కలు చాలా ముఖ్యం. కోలన్ లేకపోతే, అసలేమీ ఇవ్వనప్పుడే డిఫాల్ట్ పనిచేస్తుంది. కోలన్ ఉంటే, ఖాళీ విలువ ఇచ్చినా పనిచేస్తుంది.

ప్యాచ్-కెర్నెల్‌లో కోలన్ లేదు. వేరే స్క్రిప్టు ఏదైనా దీన్ని పిలుస్తూ మొదటి స్థానంలో పొరపాటున ఖాళీ విలువ పంపిందనుకోండి. అప్పుడు డిఫాల్ట్ రాదు, డైరెక్టరీ పేరు ఖాళీగానే ఉంటుంది. ఒక్కో ప్యాచ్ అతికాక ఈ స్క్రిప్టు ‘ఒరిగ్’ అన్న బ్యాకప్ ఫైళ్లను వెతికి చెరిపేస్తుంది. డైరెక్టరీ పేరు ఖాళీ అయితే వెతుకులాట డిస్కు మూలం నుంచే మొదలవుతుంది. అంత దూరం పోకుండా ఆపేది పైన ఉన్న ఒక చిన్న పరీక్ష: చెప్పిన డైరెక్టరీలో చదవగలిగే మేక్‌ఫైల్ లేకపోతే, వాడుక పద్ధతి చూపించి స్క్రిప్టు అక్కడితో ముగుస్తుంది. డిస్కు మూలంలో మామూలుగా మేక్‌ఫైల్ ఉండదు కాబట్టి ప్రమాదం తప్పుతుంది. డిఫాల్ట్ రాయడం ఒక ఎత్తు, దాన్ని వాడే ముందు తనిఖీ చేయడం ఇంకో ఎత్తు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మన తరఫున ఈ స్క్రిప్టు ప్యాచ్ ప్రోగ్రామ్‌కు జవాబులు కూడా చెబుతుంది. ఇప్పటికే వేసిన ప్యాచ్‌ను మళ్లీ వేయబోతే ఆ ప్రోగ్రామ్ ఆగి, తిరగేసి వేయనా అని అడుగుతుంది. ఆ ప్రోగ్రామ్‌కు వేర్వేరు రూపాలున్నాయి: బీఎస్‌డీ వాళ్ల ప్యాచ్‌లో ఊరికే ఎంటర్ నొక్కితే ‘అవును’ అని అర్థం. గ్నూ వాళ్ల ప్యాచ్‌లో ‘కాదు’ అని అర్థం. ఒకే ప్రశ్న, ఒకే మౌనం, రెండు వ్యతిరేక ఫలితాలు. నా ఓటు గ్నూకే. ఏమరుపాటుగా నొక్కిన ఎంటర్ వేసిన ప్యాచ్‌ను ఊడదీయకూడదు. ప్యాచ్-కెర్నెల్ ఆ ప్రశ్నే రానివ్వదు. తిరగేసినట్టో ముందే వేసినట్టో అనిపిస్తే పక్కన పెట్టమని మొదటే చెబుతుంది. ఎక్కడైనా ‘రెజ్’ ఫైల్ కనిపిస్తే పని ఆపేస్తుంది.

2005 ఏప్రిల్‌లో ఈ స్క్రిప్టులో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. అప్పటికి 2.6.11.7 లాంటి నాలుగంకెల వెర్షన్లు వస్తున్నాయి. మూడో అంకెను స్క్రిప్టు తనంతట తనే పెంచుకుంటుంది. నాలుగో అంకెను మాత్రం ఎన్నడూ పెంచదు, మనమే పూర్తిగా చెప్పాలి. కారణం ఉంది. నాలుగో అంకె ప్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి వేసేవి కావు, ప్రతిదీ మూల వెర్షన్ మీదే వేయాలి. ఊహించే వీల్లేని చోట ఊహించడం మానేశారు. సరైన నిర్ణయం.

అదే నెలలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్‌ను మొదలుపెట్టారు. ప్యాచ్‌లను వరసగా పేర్చుకునే అవసరం డెవలపర్లకు క్రమంగా తగ్గిపోయింది. గిట్‌లోని ‘అప్లయ్’ కమాండ్ డిఫాల్ట్ మరింత కఠినం: ప్యాచ్‌లో ఒక్క ముక్క అతకకపోయినా ఏ ఫైల్‌నూ ముట్టుకోదు. అతికినంత మేర అతికించి మిగతావి ‘రెజ్’ ఫైళ్లలో పెట్టే పాత పద్ధతి కావాలంటే ‘రిజెక్ట్’ అనే ఆప్షన్‌ను మనమే అడిగి తీసుకోవాలి.