మన హాస్టల్ కంప్యూటర్ మూత విప్పిన రోజు

మన రీడింగ్ రూములో కిటికీ పక్కన ఉన్న కంప్యూటరును ఎరుగని వారు ఈ హాస్టల్లో లేరు. ఇక్కడే చదువుకుని ఉద్యోగంలో చేరిన ఒక అన్న, తన ఆఫీసులో తీసేస్తున్న దాన్ని అడిగి తెచ్చి మనకిచ్చాడు. స్కాలర్‌షిప్ రెన్యూవల్ నుంచి హాల్ టికెట్ల దాకా అన్నీ దాని మీదే. 2025 నవంబరులో ఒక రాత్రి అది ఆగిపోయింది. అంతకు నెల ముందు నుంచే ఆన్ చేస్తే టీ తాగి వచ్చేంతసేపు తీసుకునేది. ఆ రాత్రి మాత్రం డబ్బాలోంచి 'టక్... టక్... టక్' అని గోడ గడియారం లాంటి శబ్దం వచ్చి, నల్లటి తెర మీద 'నో బూటబుల్ డివైస్' అన్న ఒక్క వాక్యం మిగిలింది.

తమ్ముళ్ళూ, మీలో చాలామంది మర్నాడు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "అన్నా, మా సర్టిఫికెట్ల స్కాన్లు పోయినట్టేనా?" అని. అవి పోతే మళ్ళీ తీసుకోవచ్చు. ఒరిజినల్స్ మీ పెట్టెల్లో ఉన్నాయి. కానీ అందులో మళ్ళీ తీసుకోలేనిది ఒకటి ఉంది. ఎం.ఏ. తెలుగు చదివే మా రూమ్మేటు తన ప్రాజెక్టు కోసం వాళ్ళ అవ్వ చేత నాట్ల పాటలు పాడించి ఫోనులో రికార్డు చేశాడు. మొత్తం 41 పాటలు. ఫోను నిండిపోతున్నదని వాటిని కంప్యూటరులో పెట్టి ఫోనులోంచి తీసేశాడు. అవ్వ ఆ వేసవిలోనే పోయింది.

డబ్బాను ఆటోలో వేసుకుని టౌనులో ఒక షాపుకు తీసుకెళ్ళాం. ఆయన ప్లగ్గు పెట్టి, తెర చూసి, "మదర్‌బోర్డు పోయింది, ఇంక దీనికి ఖర్చు దండగ, కొత్త సిస్టమ్ తీసుకోండి" అన్నాడు. చూసింది అర నిమిషం. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరం మాట్లాడలేదు. రాత్రి అన్నం తిన్నాక మళ్ళీ ఆన్ చేసి చూస్తూ కూర్చుంటే మాకొక సందేహం వచ్చింది. బూటు చేయడానికి డిస్కు దొరకలేదని తెర మీద రాస్తున్నది ఎవరు?

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పవర్ బటన్ నొక్కగానే మొదట లేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో బయోస్ అనే ప్రోగ్రాం ఉంటుంది. కొత్త వాటిలో దాని స్థానంలో యూఈఎఫ్ఐ ఉంటుంది. అది లేచి మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కు ఉందా అని వార్డెన్ సార్ అటెండెన్సు తీసినట్టు ఒక్కొక్కరినీ పిలుస్తుంది. అందరూ పలికితే డిస్కులో ఉన్న విండోస్‌నో లైనక్స్‌నో లేపి పని అప్పగిస్తుంది. డిస్కు పలకకపోతే ఆ వాక్యం రాసి ఆగిపోతుంది. అంటే ఆ వాక్యం రాయగలిగిందంటే మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ, తెరకు బొమ్మ పంపే భాగం, కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ అన్నీ బతికే ఉన్నట్టు. మదర్‌బోర్డు నిజంగా పోయి ఉంటే తెర మీద ఆ వాక్యమే వచ్చేది కాదు. పోయింది డిస్కు, లేదా డిస్కుకు వెళ్ళే వైరు. టక్ టక్ శబ్దం వింటే డిస్కేనని తేలిపోయింది.

తేలింది సరే, విప్పేదెవరు? ఆ డబ్బా మీద 'ముట్టరాదు' అని కాగితం అంటించి ఉండేది. ఆ మాట మనకు కొత్తది కాదు. మా తాతకు ఊరి హోటల్లో గ్లాసు విడిగా ఉండేది. మేము హైస్కూల్లో ఉన్నప్పుడు కంప్యూటర్ గదికి తాళం ఉండేది, కిటికీలోంచి చూసి వచ్చేవాళ్ళం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇంత చదివి ఎమ్మెస్సీ ఫిజిక్సులో అయస్కాంతత్వం గురించి పేజీలకు పేజీలు రాసి, నాలుగు స్క్రూలు విప్పడానికి చేయి వణకడం మాకే సిగ్గనిపించింది. వార్డెన్ సార్ దగ్గరికి వెళ్తే ఆయన కాసేపు ఆలోచించి, "ఏమన్నా అయితే మాదే బాధ్యత అని రాసివ్వండి" అన్నారు. ముగ్గురం సంతకాలు పెట్టి ఇచ్చాం.

మా నాయన బోరు మోటార్లు వైండింగు చేసే మేస్త్రి దగ్గర పనిచేస్తాడు. చదవడం రాదు. ఫోను చేసి చెప్తే, "తెల్ల పళ్ళెం పెట్టుకోండి. విప్పిన బోల్టు విప్పినట్టు వరసగా పెట్టండి. కలగలిపితే ఏడుస్తారు" అన్నాడు. మెస్సులోంచి స్టీలు పళ్ళెం తెచ్చాం. పనిముట్లు ఒక్క స్టార్ స్క్రూడ్రైవరు, ఒక పెయింటు బ్రష్షు, ఫొటోలు తీయడానికి ఫోను. ఇంకేమీ అక్కర్లేదు. కొత్త డిస్కు కోసం తలా కొంత చందా వేసుకుని 240 జీబీ ఎస్ఎస్‌డి తెచ్చాం.

ముందుగా ప్లగ్గు పూర్తిగా పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. మన పాత బిల్డింగుల్లో స్విచ్చి ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పెట్టిన చోట్లుంటాయి. పీకాక పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు ఖాళీ అవుతుంది. అయినా ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. దాని లోపలి కెపాసిటర్లు ప్లగ్గు పీకిన తర్వాత కూడా గట్టి షాకు కొట్టగలవు. వెనుకవైపు కరెంటు వైరు దూర్చే చోటు చుట్టూ ఉండే నాలుగు స్క్రూలు దానివే. వాటి జోలికి పోవద్దు.

రెండోది మన ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు. చలికాలం రాత్రి నైలాన్ దుప్పటి లాగితే చిటపటలాడడం చూసే ఉంటారు. మన చేతికి చురుక్కుమని తెలియాలంటే అది దాదాపు 3,000 వోల్టులుండాలి. చిప్పులకు అందులో పదో వంతు కూడా ప్రమాదమే. అంటే మనకు తెలియకుండానే చంపేయగలం. అందుకని మంచం మీద, దుప్పటి మీద పెట్టి విప్పవద్దు. చెక్క బల్ల మీద పేపరు పరచి, డబ్బాలో రంగు లేని ఇనుప భాగాన్ని మధ్య మధ్య ముట్టుకుంటూ పని చేయాలి. ఈ డబ్బాకు ముట్టుకోవడమే రక్ష.

మేము చేసిన మొదటి పని తప్పు పక్క విప్పడం! కుడివైపు రేకు తీస్తే ఇనుప పలక తప్ప ఏమీ కనిపించలేదు. అది మదర్‌బోర్డును బిగించిన పలక వెనుక భాగం. మామూలు టవర్ డబ్బాలకు ముందు నుంచి చూస్తే ఎడమ పక్క రేకు తీయాలి. వెనుక అంచున రెండు స్క్రూలు తీసి రేకును వెనక్కి లాగితే జారి వస్తుంది. పైకి లాగి వంచవద్దు. లోపల ఫ్యాను మీద వేలు మందాన దుమ్ము, ఒక మూల రెండు బల్లి గుడ్లు. ఇన్నాళ్ళు మనకు సర్వీసు చేసిన వాడి ఇల్లు ఇలా ఉందన్నమాట. ఫ్యాను రెక్కను వేలితో ఆపిపట్టి బ్రష్షుతో దులిపాం.

వైర్లు పీకే ముందు నాలుగు ఫొటోలు తీసుకున్నాం. డిస్కు ముందువైపు కింద ఇనుప గూటిలో ఉంది. దాని వెనుక రెండు వైర్లు. సన్నది మదర్‌బోర్డు నుంచి వచ్చే డేటా వైరు, వెడల్పాటిది ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే కరెంటు వైరు. ఇవి సాటా రకం. రెంటి మొనల్లోనూ ఇంగ్లీషు 'ఎల్' అక్షరం ఆకారం ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు. బలవంతం చేస్తే మాత్రం విరుగుతుంది. పట్టుకోవలసింది మొనను, వైరును కాదు. కొన్నింటికి చిన్న ఇనుప నాలుక ఉంటుంది, దాన్ని నొక్కి లాగాలి. మీ ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఇంకా పాత కంప్యూటరుంటే దానిలో వెడల్పాటి పట్టీ లాంటి 40 పిన్నుల వైరు కనిపిస్తుంది. అది ఐడీఈ రకం, దానికి సాటా డిస్కు నేరుగా పట్టదు. కొనే ముందు ఇది చూసుకోవాలి.

గూటికి రెండు పక్కలా రెండేసి స్క్రూలు. నాలుగూ పళ్ళెంలోకి వచ్చాయి. డిస్కు చేతిలోకి వచ్చింది. అరచేతిలో పట్టే బరువైన ఇనుప ఇటుక.

ఆ ఇటుకలో ఏముంటుందో చెప్పాలి. అద్దంలా నునుపైన పళ్ళేలు, వాటి మీద పలుచటి అయస్కాంత పూత. మన డిస్కులో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరిగేది. బోరు మోటారు 2,900 దగ్గర తిరుగుతుంది. ఇది దానికి రెండింతలు దాటి. పళ్ళెం పైన ఒక చేయి, దాని కొసన చదివే తల. తల పళ్ళేన్ని తాకదు. తిరుగుడుకు పుట్టిన గాలి పొర మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన తల వెంట్రుక మందం 50,000 నానోమీటర్లకు పైమాటే. అంటే మనం ఊదిన దుమ్ము రేణువు ఆ సందులో కొండరాయి. అందుకే డిస్కు మూత విప్పకూడదు. ఫ్రిజ్జులో పెడితే బాగవుతుందని చెప్పే వాళ్ళ మాటా వినకండి, లోపల తేమ చేరుతుంది. తల తన గీతను వెతికి, దొరకక వెనక్కి వెళ్ళి, మళ్ళీ వెతకడమే ఆ టక్ టక్. ఆ శబ్దం వినగానే ఆపేయాలి. మేము ఆ రాత్రి 'మళ్ళీ చూద్దాం' అంటూ పదిసార్లు ఆన్ చేశాం. ఆ పదిసార్లకూ ఇప్పటికీ బాధపడుతున్నాం.

కొత్త ఎస్ఎస్‌డిలో తిరిగేది ఏదీ లేదు, అన్నీ చిప్పులే. 2.5 అంగుళాల సైజు కాబట్టి పెద్ద గూటిలో వదులుగా ఉంటుంది. చిన్న ఇనుప బిళ్ళ మీద బిగించి పెట్టాం. దీని స్క్రూలు సన్న మర ఉన్నవి. పాత డిస్కువి లావు మర. పాతవి దీనిలో తిప్పితే మర చెడిపోతుంది. పళ్ళెంలో వరసగా పెట్టినందుకు ఇక్కడ బతికాం.

ఎక్కించింది లైనక్స్. విండోస్ 10కు మైక్రోసాఫ్టు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు మన పాత డబ్బా చాలదు. కాలేజీ ల్యాబులో పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని వచ్చి, పాత డిస్కు విప్పి పక్కన ఉండగానే కొత్తదాని మీద ఎక్కించాం. రెండూ తగిలించి ఉంటే పొరపాటున పాతదాన్ని చెరిపేసే ప్రమాదం ఉంది.

ఇక పాటలు. రెండు దారులున్నాయని మా రూమ్మేటుకు చెప్పాం. ఒకటి, డేటా రికవరీ చేసే వాళ్ళకు పంపడం. తల మార్చగల వసతి వాళ్ళకుంటుంది, కానీ ఖర్చు మన అందరి మెస్సు బిల్లంత. రెండు, మేమే ఒకసారి తగిలించి చూడడం. దానివల్ల ఉన్నదీ పోవచ్చు. "మీ అవ్వ గొంతు, నువ్వే చెప్పాలి" అన్నాం. వాడు రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు వచ్చి "తగిలించండి" అన్నాడు.

డీవీడీ డ్రైవు వైర్లు పీకి పాత డిస్కుకు పెట్టాం. దాని అడుగున ఉన్న సర్క్యూట్ ఇనుముకు తగలకుండా అట్టముక్క మీద కదలకుండా పడుకోబెట్టాం. మొదటిసారి బయోస్‌లో దాని పేరు రాలేదు. రెండోసారి వచ్చింది. దాని మీద ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరిచి, నేరుగా పాటల ఫోల్డరుకు వెళ్ళాం. సినిమాలు, ఫొటోలు ఏవీ చూడలేదు. ముఖ్యమైనది ముందు. ఒక్కో ఫైలు కదులుతుంటే రీడింగ్ రూములో ఊపిరి శబ్దం కూడా లేదు. 29 పాటలు పూర్తిగా వచ్చాయి. మూడు సగం సగం వచ్చాయి. తర్వాత టక్ మొదలైంది, డిస్కు పేరు మాయమైంది, మళ్ళీ రాలేదు. తొమ్మిది పాటలు, మీ సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉండిపోయాయి. వాడు మొదటి పాట పెట్టి వింటానన్నాడు. మేము బయటికి వచ్చేశాం.

ఇప్పుడా పాటలు ఎస్ఎస్‌డిలో ఒక ప్రతి, వాడి పెన్‌డ్రైవులో ఒక ప్రతి, వాళ్ళ చిన్నాన్న ఫోనులో ఒక ప్రతి ఉన్నాయి. ఎస్ఎస్‌డి పోయే ముందు టక్ అని కూడా అనదు, ఒక రోజు మౌనంగా పోతుంది. మీ స్కాన్లు మళ్ళీ తీసేటప్పుడు రెండు చోట్ల పెట్టుకోండి.

చాలామంది అడిగే సందేహం ఒకటి తీర్చాలి. పాత డిస్కు మీద 500 జీబీ అని ఉంటే విండోస్‌లో 465 చూపించేది, మిగతాది షాపువాడు మింగాడా అని. లేదు. కంపెనీ వాళ్ళు వంద కోట్ల బైట్లను ఒక జీబీగా లెక్కిస్తారు. విండోస్ 1,024ను మూడుసార్లు హెచ్చవేసి, అంటే 107 కోట్ల పైచిలుకు బైట్లను, ఒక జీబీ అంటుంది. కొలపాత్ర పెద్దదైతే అంకె తగ్గుతుంది, సరుకు అంతే.

అంతా బిగించి రేకు మూశాక పళ్ళెంలో నాలుగు స్క్రూలు మిగిలాయి. నాయనకు ఫోను చేస్తే, "మిగిలినాయంటే ఎక్కడో మరిచిపోయినారు, మళ్ళీ విప్పండి" అని కంగారుపడ్డాడు. అవి పాత డిస్కువని, కొత్తదానికి పట్టవని చెప్తే కాసేపు ఆగి, "అయితే పారేయకండి, దానికే కట్టి పెట్టండి" అన్నాడు. ఆ నాలుగింటినీ చిన్న కవరులో వేసి పాత డిస్కుకు టేపుతో అంటించాం. అది మా రూములో పై అరలో, రూమ్మేటు పుస్తకాల వెనుక ఉంది. ఉద్యోగం వచ్చాక మిగిలిన తొమ్మిది పాటల కోసం దాన్ని రికవరీకి పంపుతానంటున్నాడు.