వసంతములో కొండయేటి ట్రౌటు – నీటి తీరు

హిమాచల ప్రదేశ్‌లోని తీర్థన్ నది మంచుకొండలలో పుట్టి, లార్జీ వద్ద బియాస్ నదిలో కలియును. ఆంగ్లేయుల కాలమున కుల్లూ ప్రాంతమునకు తెచ్చిన బ్రౌన్ ట్రౌటు అను చేప ఇందులో స్థిరపడినది. కొక్కెమునకు ఈకలు, దారము చుట్టి, పురుగువలె చేసి దీనిని పట్టుదురు. మనవారు వేసవిలో అటు యాత్రలకు వెళ్లుచున్నారు గనుక ఆ నీటి తీరు తెలిసియుండుట మంచిది.

మన చెరువులలో బొచ్చె, శీలవతి పెరుగు వెచ్చని నీరు ట్రౌటుకు సరిపడదు. నీరు చల్లనైన కొలది ప్రాణవాయువు ఎక్కువ కరగును; లీటరుకు 10 డిగ్రీల వద్ద సుమారు 11 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద ఏడున్నర. వేసవి తెల్లవారుజామున చెరువు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట మీరెరిగినదే. అయినను నీరు మరీ చల్లనైనచో ట్రౌటు మేత ముట్టదు.

మార్చి నెలలో నది సన్నగా, తేటగా పారును. తెల్లవారకముందే గాలము వేసి ప్రయోజనము లేదు. ఎండ తగిలి నీరు కొంచెము వేడెక్కగానే రాళ్లక్రింది పురుగులు రెక్కలు వచ్చి పైకి లేచును. చేపయు అప్పుడే పైకి వచ్చును. అది ఎదురునీటికి తల పెట్టి యుండును. కావున నీడ పడకుండ, దిగువనుండి వంగి సమీపింపవలెను. గులకరాళ్ల సందులలో చలికాలపు గ్రుడ్ల నుండి వెడలిన పిల్లలుండును, వానిని త్రొక్కరాదు.

మంచు జోరుగా కరుగ నారంభించిన పిమ్మట సంగతి తారుమారగును. పగలు పైన కరగిన నీరు కొన్ని గంటలకు గాని క్రిందికి చేరదు. ఉదయము మోకాలి లోతున్నచోట సాయంత్రము నడుము లోతు కావచ్చును. అందుచే వేట ఉదయముననే ముగింపవలెను. నీరు బూడిదరంగు తిరిగినను, ఆకులు, పుల్లలు కొట్టుకొనివచ్చినను వెంటనే గట్టెక్కుడు.

లార్జీ దిగువ బియాస్‌లో ఈ గుర్తులును చాలవు. అచట విద్యుత్తు ఆనకట్ట కలదు. 2014 జూన్ 8న హైదరాబాదు నుండి వెళ్లిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు, ఆ ఆనకట్ట నుండి వదలిన నీటిలో కొట్టుకొనిపోయి మరణించిరి. ఎండ కాయుచున్నను నీరు రావచ్చును. ఫోటో కొరకైనను నదిమధ్య బండలపైకి పోరాదు.

గాలము వేయుటకు ముందు మత్స్యశాఖ అనుమతిపత్రము పొంది, ఎగువ నీరెప్పుడు వదలుదురో స్థానికుల నడుగవలెను.