వ్యక్తిగత వివరాల గోప్యత – పౌరుని హక్కు

మండల కేంద్రాలలోని జిరాక్సు దుకాణాలలో ఒక కొత్త అలవాటు స్థిరపడింది. ఆధార్ నకలు కావలసిన వ్యక్తి కార్డును చేతికివ్వడం లేదు. తన ఫోనులోని ప్రతిని దుకాణదారుని వాట్సాప్ నంబరుకు పంపి, నకలు అందుకొని, డబ్బు చెల్లించి వెళ్లిపోతున్నాడు. ఆయన వెళ్లినా ఆయన ఆధార్ మాత్రం దుకాణంలోని కంప్యూటరులోనే నిలిచిపోతున్నది. దానితో పాటు పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పుట, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల పదవ తరగతి మార్కుల జాబితా కూడా. దుకాణదారునికి దురుద్దేశం ఉన్నదని కాదు, సాధారణంగా ఉండదు. అయితే పని ముగిసిన పిదప ఆ ప్రతులను తొలగించాలన్న ఆలోచన ఆయనకూ రాదు, ఇచ్చినవారికీ రాదు. సరిగా పడని నకళ్లు చెత్తబుట్టలో నుండి బజ్జీల పొట్లాలుగా మారడం కూడా మనమెరిగినదే.

“నా దగ్గర దాచవలసినదేమున్నది?” అని పలువురు ప్రశ్నిస్తుంటారు. నిజమే, పేరు పెళ్లి పత్రికలో ఉంటుంది, పుట్టిన తేదీ బడి రికార్డులో ఉంటుంది. విడివిడిగా వీటికి విలువ స్వల్పం. ఒకచోట చేరినపుడు పరిస్థితి వేరు. ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుండి తీసుకొనే ఈ-ఆధార్ పత్రానికి ఉండే పాస్‌వర్డు ఏమిటి? పేరులోని మొదటి నాలుగు ఆంగ్లాక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ రెండూ తెలిసినవానికి ఆ తాళం తాళమే కాదు. బ్యాంకు శాఖ పేరు, ఇంటి చిరునామా, తండ్రి పేరు తప్పులేకుండా చెప్పి “మీ కేవైసీ గడువు ముగిసింది” అని ఫోను చేసేవానిని విద్యావంతులు సైతం నమ్ముతున్నారంటే, అంతకు ముందే మన వివరాలు అతని చేతికి చేరి ఉండడమే కారణం.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో వెలుగుచూసిన ఉదంతం ఇందుకు తార్కాణం. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల ప్రతులను ఇంటర్నెట్ నుండి సేకరించి, వాటిపై ఉన్న వేలిముద్రలకు రబ్బరు నకళ్లు తయారుచేసి, ఆ ముద్రలతో ఒక సిమ్ కార్డుల విక్రేత వేల సంఖ్యలో కనెక్షన్లు ప్రారంభించినట్లు పోలీసులు వెల్లడించారు. పొలం కొన్నవారు, అమ్మినవారు చేసిన తప్పేమీ లేదు, చట్టప్రకారం వేలిముద్ర వేశారు, అంతే. పాస్‌వర్డు పోతే మరొకటి పెట్టుకోవచ్చును. వేలిముద్ర పోతే మరొక వేలిముద్ర లేదు.

మనం ఇచ్చే వివరాలు మనవి మాత్రమే కావన్నది మరొక అంశం. కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడిన 2018లో ఫేస్‌బుక్ సంస్థ స్వయంగా తెలిపిన లెక్క ప్రకారం, వివాదాస్పద యాప్‌ను భారతదేశంలో స్థాపించుకున్నవారు 335 మంది మాత్రమే. వారి మిత్రుల జాబితాల ద్వారా సమాచారం చేరి ఉండగల భారతీయులు మరో 5,62,120 మంది. ఈ లక్షలాది మందిని అనుమతి అడిగినవారు లేరు.

గోప్యత పాశ్చాత్య దేశాల నుండి ఇంటర్నెట్‌తో పాటు దిగుమతి అయిన భావన అని కొందరి అభిప్రాయం. మన న్యాయచరిత్ర అందుకు భిన్నంగా ఉన్నది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా ఉంచి, అర్ధరాత్రి ఆయన ఇంటి తలుపు తట్టేవారు. ఈ కేసులో సుప్రీంకోర్టు 1962 డిసెంబరులో తీర్పునిస్తూ, రాత్రివేళ ఇళ్లకు వెళ్లడాన్ని కొట్టివేసినప్పటికీ, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. దానితో విభేదించి, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని అంగమని రాసిన న్యాయమూర్తి మన తెలుగువారు. రాజమహేంద్రవరంలో జన్మించి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, అనంతరం భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించిన జస్టిస్ కోకా సుబ్బారావు. జస్టిస్ జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. ఆ ఇద్దరి మాట అల్పసంఖ్యాక అభిప్రాయంగా దాదాపు 55 సంవత్సరాలు మిగిలిపోయింది.

2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. సుబ్బారావు గారి అభిప్రాయమే సరైనదని ఆ తీర్పులో గుర్తించడం జరిగింది. మన పాఠ్యపుస్తకాలలో ఈ సంగతికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదనే చెప్పాలి.

ఆ తీర్పు ఫలితంగా రూపొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందింది. నియమావళి 2025 నవంబరులో వెలువడగా, సంస్థలు పాటించవలసిన ప్రధాన నిబంధనలకు అప్పటి నుండి 18 మాసాల వ్యవధి నిర్ణయించబడినది. ఏ వివరం, ఏ పని కొరకు తీసుకుంటున్నారో ముందుగా తెలియజేయాలి. ఆ నోటీసును తెలుగులో కోరే హక్కు కూడా ఉన్నది. సమ్మతి ఇచ్చినంత సులువుగా దానిని ఉపసంహరించుకొనే వీలు కల్పించాలి. భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. అయితే కాగితంపై మాత్రమే ఉండిపోయిన నకలుకు ఈ చట్టం వర్తించదు.

ప్రభుత్వ కార్యాలయాలూ ఈ విషయంలో నేర్చుకోవలసినది ఉన్నది. దాదాపు 210 కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్లలో లబ్ధిదారుల వివరాలు ఆధార్ నంబర్లతో సహా బహిరంగంగా కనిపించాయని 2017లో ఆధార్ సంస్థే తెలియజేసి, వాటిని తొలగింపజేసింది. ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రదర్శించడాన్ని ఆధార్ చట్టం నిషేధిస్తున్నది. నోటీసు బోర్డుపై జాబితా అతికించే సిబ్బంది దీనిని గమనించాలి.

ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే “మాస్క్‌డ్ ఆధార్” ప్రతిని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుండి ఉచితంగా పొందవచ్చును. 2022 మే 27న ఆ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఆధార్ నకళ్లు ఎవరికీ ఇవ్వరాదని ప్రకటించగా, అపార్థాలకు తావిస్తున్నదంటూ రెండు రోజులకే దానిని ఉపసంహరించారు. పత్రికా ప్రకటనలు రాసేవారికి అదొక పాఠం. మాస్క్‌డ్ ఆధార్ సదుపాయం మాత్రం యథాతథంగా ఉన్నది. పూర్తి నకలు ఇవ్వక తప్పనిచోట దానిపై అడ్డంగా “ఫలానా పని కొరకు మాత్రమే” అని రాసి, తేదీ వేసి, సంతకం చేయడం మన పెద్దలు పాటించిన పద్ధతే. వేలిముద్రలతో తరచుగా పనిలేనివారు బయోమెట్రిక్ వివరాలకు ఎంఆధార్ యాప్‌లో తాళం వేసుకోవచ్చును. తమ పేరున ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నవో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చును. దుకాణంలో బిల్లు కొరకు మొబైల్ నంబరు ఇవ్వవలసిందేనని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో వ్యాపారులకు సూచించింది.

జిరాక్సు దుకాణానికి ఫోను నుండి పత్రం పంపినవారు, నకలు చేతికి రాగానే కంప్యూటరులోని ప్రతిని తమ ఎదుటనే తొలగించమని కోరవలెను. వాట్సాప్‌లో మన వైపు నుండి సందేశాన్ని తొలగించినంత మాత్రాన, అప్పటికే దుకాణంలోని కంప్యూటరులో భద్రమైన ప్రతి పోదు. మోసపోయి డబ్బు కోల్పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, సొమ్ము చేతులు మారకముందే బ్యాంకులో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది. ఆధార్ సంబంధమైన సందేహాలకు 1947 నంబరును సంప్రదించవచ్చును.